ఎడమవైపు వెనక చక్రం

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్దత్తగారి ఇంట్లో మిగిలిపోయిన అద్దం బీరువాను పికప్పులో ఎక్కించి, కొండ అవతల ఉన్న పాత సామాన్ల వ్యాపారికి అప్పగించి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరుకోవడం. ఇందులో కష్టమేముందని అల్లుడు అనుకున్నాడు. ఆయనది కర్టెన్ల దుకాణం. కానీ ఇంట్లో ఫ్యాను ఆగినా, కుళాయి కారినా, మిక్సీ మూలిగినా బయటివాళ్ళని పిలవనివ్వకుండా తనే విప్పుకుని కూర్చునే అలవాటు వల్ల అందరూ ఆయన్ని ఇంజినీరు అనేవాళ్ళు. విప్పినవాటిలో సగం మళ్ళీ బిగిసేవి కావు గనక ఆ పేరులో మర్యాద పాలు కొంచెం తక్కువే.

వీధిలోకి వచ్చి చూస్తే పొగమంచు. ఎదురింటి గోడ కూడా ఉందో లేదో తెలియనంత దట్టంగా పట్టేసింది. ఆ తెల్లదనంలో పికప్పు ఓ పక్కకి ఒరిగి, చెవి ఒగ్గి ఏదో వింటున్నట్టు నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఎడమవైపు వెనక చక్రంలో గాలి బొత్తిగా లేదు.

"టైర్ల షాపు తీశాక వెళ్దాం లెండి," అంది భార్య, గుమ్మంలోంచి.

"స్టెప్నీ మార్చడానికి షాపెందుకు? పది నిమిషాల పని," అన్నాడు ఇంజినీరు, అప్పటికే చొక్కా చేతులు మడిచేస్తూ.

ఆవిడ నాన్న లారీ నడిపేవాడు. చిన్నప్పుడు ఆవిడ ఆటలన్నీ చక్రాల మధ్యే. అందుకని పక్కన నిలబడి ఊరుకోలేకపోయింది. "నట్లు వరసగా బిగించకండి. ఒకటి బిగించాక దాని ఎదురుగా ఉన్నది బిగించాలి. మా నాన్న ఎప్పుడూ..."

"మీ నాన్నగారిది లారీ. ఇది పికప్పు."

ఆ మాటతో ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఇంజినీరు తన పద్ధతిలో తాను పని కానిచ్చాడు. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయని దుకాణంలోంచి తెచ్చిన కుట్టుమిషను నూనె పట్టించాడు. నట్టుకు ఒక వైపు కోసుగా, రెండో వైపు చదునుగా ఉంది. చదునుగా ఉన్న వైపైతే చక్రానికి చక్కగా ఆనుతుంది కదా అని దాన్నే లోపలికి పెట్టాడు. గడియారం ముల్లు తిరిగినట్టు ఒకదాని పక్కన ఒకటి బిగించుకుంటూ వచ్చాడు. చక్రం ఇంకా గాల్లోనే ఉంది. జాకీ దించాక ఇంకోసారి గట్టిగా పట్టు పట్టాలనుకున్నాడు గానీ, దించేసరికి అత్తగారు వచ్చి ముందు సీట్లో కూర్చుని హారన్ మీద చెయ్యేసింది.

"బాబూ, మనం బయల్దేరేది ఇవాళేనా?"

"వస్తున్నా అత్తయ్యా!" అని స్పానర్ సీటు కింద పడేసి బండెక్కాడు.

అత్తగారికి ఆ బీరువా పేరెత్తితే మండిపోయేది. అది వాళ్ళమ్మది. చిన్నమ్మాయికి ఇస్తానని అమ్మ అందరి ముందూ అన్న మాట. తీరా పెద్దమ్మాయి పెళ్ళయి వెళ్తూ తన సామాన్లతో పాటు దాన్నీ తీసుకుపోయింది. అప్పటినుంచి అక్కచెల్లెళ్ళకి మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడినా పక్కనున్నవాళ్ళతో "ఆవిణ్ణి కాస్త జరగమను" అనేవాళ్ళు. పెద్దావిడకి చివరిరోజుల్లో గొంతు పోయింది. ఎవరినైనా పిలవాలంటే చేతికర్రతో నేలమీద టక్కుమని కొట్టేది. ఓ సారి చెల్లెలు గుమ్మం దాకా వచ్చిందని తెలిసి చాలాసేపు కొట్టిందట. చెల్లెలు లోపలికి వెళ్ళకుండానే తిరిగొచ్చేసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే పెద్దావిడ పోయింది. పిల్లలు లేరు గనక బీరువా ఈవిడకే వచ్చింది. "ఆ దరిద్రం నా గడప తొక్కడానికి వీల్లేదు. అమ్మి పారెయ్యండి," అని ఈవిడ తీర్పు.

పెద్దావిడ ఇల్లు అప్పటికి ఖాళీ అయిపోయింది. గదిలో గోడకి పటాలు ఉన్నచోట్ల తెల్లటి మచ్చలు మిగిలాయి. మధ్యలో బీరువా ఒక్కటే, తలుపు నిండా నిలువుటద్దంతో. దాన్ని కదిపితే లోపల ఏదో నెమ్మదిగా జారి, ఒక పక్కన ఆగింది. తాళంచెవి దొరకలేదు. ఇద్దరు హమాలీలు దాన్ని పికప్పులో నిలబెట్టి, కొమ్మలు తగలకుండా అద్దాన్ని డ్రైవరు వైపుకి తిప్పి, తాళ్ళు కట్టి వెళ్ళిపోయారు. ముందు సీట్లో ఇంజినీరు, మధ్యలో భార్య, ఆ చివర అత్తగారు. ఆవిడకి సరిగ్గా వెనకే ఆ ఎడమ చక్రం.

ఊరు దాటి మొదటి మలుపు తిరగ్గానే వినిపించింది.

టక్.

కొంచెం ముందుకు పోయాక మళ్ళీ టక్. అది ఇనుము చప్పుడులా లేదు. మూసిన తలుపుని లోపలినుంచి కర్రతో పొడిచినట్టుంది. ఇంజినీరు వెనక ఏముందో చూద్దామని పైనున్న అద్దంలోకి చూశాడు. వెనక కిటికీలోంచి బీరువా అద్దం, ఆ అద్దంలో ఈ అద్దం, వాటి మధ్య తన కళ్ళు తనవైపే ఎంతో దూరం నుంచి చూస్తున్నాయి. చప్పున చూపు తిప్పుకున్నాడు.

"ఏమిటా చప్పుడు?" అంది అత్తగారు.

"తాడు వదులైనట్టుంది అత్తయ్యా."

"తాడు కొడుతుందా ఎక్కడైనా?"

బండి ఆపాడు. చప్పుడు ఆగిపోయింది. చుట్టూ మంచు తప్ప ఏమీ లేదు, ఆకు మీదనుంచి బొట్టు జారిన చప్పుడు కూడా వినబడుతోంది. మళ్ళీ కదిలించాడు. టక్. వేగం పెంచితే టక్ టక్ టక్. తగ్గిస్తే టక్... టక్... అని బుజ్జగించినట్టు.

అత్తగారు వెనక కిటికీ వైపు మెడ తిప్పింది. "అక్క," అంది. "అది అక్క పిలుపే. ఇలాగే కొట్టేది."

భార్య భర్త చెవి దగ్గరికి వంగింది. "ఏమండీ, చక్రం చూడండి ఒకసారి. నట్లు సరిగ్గా పడ్డాయా?"

ఇంజినీరు మెదడులో ఆ క్షణం రెండు దారులు కనిపించాయి. నట్లయితే తప్పు తనది. ఆ సంగతి రేపట్నుంచి భోజనాల దగ్గర కూరతో పాటు వడ్డిస్తారు. పెద్దత్తగారయితే మాత్రం ఎవరూ తనని ఒక్క మాట అనలేరు.

"అత్తయ్య చెప్పిందే నిజమేమో," అన్నాడు గంభీరంగా. "బండి ఆపితే ఊరుకుంటున్నారు. చక్రం సంగతయితే అంత మర్యాదగా ఉండదు."

దాంతో పని ముదిరింది. అత్తగారు సీట్లో సగం వెనక్కి తిరిగి, కిటికీ అద్దానికి మొహం ఆనించి అడిగింది. "అక్కా, కోపమా?"

బండి గతుకులో పడింది. టక్.

"బీరువా అమ్మొద్దంటావా? అమ్మొద్దంటే రెండుసార్లు కొట్టు."

ఇంజినీరు గతుకులు తప్పించాలని స్టీరింగు గట్టిగా తిప్పాడు. బండి ఊగింది. టక్, టక్. ఆయన కాలు యాక్సిలరేటర్ మీదనుంచి దానంతటదే జారిపోయింది. అప్పటిదాకా ఆయన చెప్పింది అబద్ధం. ఇప్పుడు ఆ అబద్ధాన్ని నమ్మడం మొదలెట్టాడు.

అలాంటి సమయంలో మంచులోంచి ఓ చెయ్యి లేచింది. పాత సామాన్ల గోడౌనులో వాచ్‌మన్ అతను. డ్యూటీకి నడిచి పోతున్నాడు. బండి అక్కడికేనని తెలిసి సంతోషంగా వెనక ఎక్కి, బీరువా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముందు ఏం జరుగుతోందో అతనికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

కొండ ఎక్కేటప్పుడు చప్పుడు మరీ దగ్గరగా, మరీ బరువుగా మారింది. అత్తగారు ఇక దాపరికాలు పెట్టుకోలేదు. "లోపల ఊపిరాడట్లేదా అక్కా? వస్తున్నా, కాస్త ఓర్చుకో! ఆ పక్కనున్నాయన ఎవరో నీకు తెలియదులే, ఏమీ అనకు!" అని గట్టిగా అరిచింది. చుట్టూ తెల్లటి మంచు, పక్కన తాళం వేసిన బీరువా, కాళ్ళ కింద నుంచి టక్కు టక్కుమని సమాధానం. ఆ వాచ్‌మన్ ఏమనుకుని ఉంటాడో ఊహించుకోవచ్చు.

కొండమీద చదునైన చోట ఆపి, అతనికి ముందు చోటిద్దామని భార్య దిగి వెనక్కి వెళ్ళింది. బీరువా పక్కన ఎవరూ లేరు. ఒక చెప్పు మాత్రం ఉంది.

"ఇక్కడ కూర్చున్న మనిషేడీ?" అంది ఆవిడ.

"మలుపులో దూకేశాడేమో," అన్నాడు ఇంజినీరు, బండి దిగకుండానే.

"చెప్పు వదిలేసి ఎవరైనా దూకుతారా?" అంది అత్తగారు. తనలో తాను చెప్పుకున్నట్టు, "అక్కకి తన సామాను దగ్గర ఎవరైనా కూర్చుంటే గిట్టదు," అంది.

భార్య చక్రం వైపు వంగబోయింది. సరిగ్గా అప్పుడే అత్తగారు కెవ్వుమంది, ఇంజినీరు భయపడి క్లచ్ వదిలేశాడు, బండి ఒక్క గెంతు గెంతింది. భార్య పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాల్సొచ్చింది. అత్తగారు కెవ్వుమన్నది బీరువా అద్దంలో తన కూతురు వంగడం చూసి. ఆ సంగతి తేలేసరికి బండి కొండ దిగుతోంది.

గోడౌను ముందుకు చేరేసరికి షట్టరు దించి ఉంది. నిన్న ఫోనులో "రండి రండి, చూసి తీసుకుంటా" అన్న వ్యాపారి, కింద జానెడు సందులోంచి మాట్లాడాడు.

"అమ్మా, మా దగ్గర జాగా లేదమ్మా."

"నిన్న ఉందన్నారుగా?" అన్నాడు ఇంజినీరు.

"నిన్న ఉంది బాబూ. ఇవాళ లేదు. పోనీ ఓ పని చెయ్యండి. లోపలున్న పెద్దావిడ ఎక్కడైనా దిగిపోతానంటే దించేసి, ఖాళీ బీరువా తీసుకురండి. చూద్దాం."

భార్య నేలమీదకి వంగి ఆ సందులోంచి చూసింది. వ్యాపారి కాళ్ళ వెనక ఇంకో రెండు కాళ్ళు. ఒకదానికి చెప్పుంది, రెండోదానికి లేదు. మలుపులో దూకి, అడ్డదారిన పరుగెత్తుకొచ్చి వీళ్ళకంటే ముందే చేరాడన్నమాట. ఆవిడ చెప్పు తెచ్చి సందులోంచి లోపలికి తోసింది. లోపలివాళ్ళు ఒక్కసారిగా వెనక్కి గెంతిన చప్పుడైంది. చెప్పు అక్కడే పడి ఉంది.

"మనిషి క్షేమంగానే ఉన్నాడమ్మా, పెద్దమ్మేం చెయ్యలేదు," అంది ఆవిడ తల్లితో.

"చేసేదే. నేను వద్దన్నాను గనక సరిపోయింది," అంది అత్తగారు.

చేసేదిలేక బండి వెనక్కి తిప్పారు. మళ్ళీ కొండెక్కారు. ఇప్పుడు చప్పుడుకి తోడు స్టీరింగులో కూడా ఏదో మత్తుగా ఊగుతున్న తీరు కనిపించింది. బండి తోక వాళ్ళ మాట కాకుండా ఇంకెవరి మాటో వింటున్నట్టు అటూ ఇటూ పోతోంది. భార్య డాష్‌బోర్డు మీద చెయ్యి చరిచింది. "ఆపండి. పెద్దమ్మో, ఇంకెవరో నాకనవసరం. బండాపి చక్రం చూడకపోతే నేను దూకేస్తాను."

"ఈ దిగుడు దిగాక..." అని బ్రేకు మీద కాలేశాడు ఇంజినీరు.

చప్పుడు ఆగిపోయింది. అంత సేపూ విన్నాక ఆ నిశ్శబ్దం చెవులకి నొప్పిగా అనిపించింది. తర్వాత ఎడమవైపు కిటికీ పక్కనుంచి, ఏ తొందరా లేకుండా, నిటారుగా, ఓ చక్రం వాళ్ళని దాటి ముందుకు వెళ్ళింది. వెనక్కి చూడకుండా నడిచిపోయే మనిషిలా ఆ మంచులోకి వెళ్ళి మాయమైపోయింది.

"అదుగో," అంది అత్తగారు చిన్నగా. "అక్క వెళ్ళిపోతోంది."

మరుక్షణం బండి ఎడమ వెనక మూల నేలకి దిగి, రోడ్డు గీరుకుంటూ, నిప్పురవ్వలు చిమ్ముతూ కొంత దూరం ఈడ్చుకుపోయి, పక్కనున్న రాళ్ళగట్టుకి అడుగు దూరంలో ఆగింది. గట్టు అవతల ఏముందో మంచులో కనిపించలేదు. కనిపించకపోవడమే మంచిదైంది. ఇంజినీరు చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి. వేళ్ళు ఒక్కొక్కటే భార్య విప్పింది.

ముగ్గురూ కుడివైపు నుంచి దిగారు. ఒరిగిన బండిలో బీరువా తాళ్ళమీద వేలాడుతోంది. ఆ కుదుపుకి తాళం ఊడిందేమో, అద్దం తలుపు కిర్రుమంటూ నెమ్మదిగా తెరుచుకుంది. లోపల ఊడి జారిన ఓ అర పలక తప్ప ఏమీ లేదు. తలుపు తెరుచుకుంటూ తెరుచుకుంటూ అత్తగారి వైపు తిరిగి ఆగింది. అద్దం నిండా మంచు. మంచు మధ్యలో తెల్లటి జుట్టు, ముడతలు పడ్డ నుదురు, వణుకుతున్న పెదవి. అక్కచెల్లెళ్ళిద్దరికీ ముసలితనం ఒకే ముఖాన్ని ఇచ్చిందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినంత దగ్గరగా ఇద్దరినీ పక్కపక్కన ఎవరూ చూడలేదు.

"ఆ రోజు గుమ్మం దాకా వచ్చానే," అంది ఆవిడ అద్దంతో. "నువ్వు కొడుతూనే ఉన్నావు. నేనే లోపలికి రాలేదు. బీరువా నాకొద్దు అక్కా. ఎప్పుడూ వద్దు. నువ్వు అడక్కుండా తీసుకున్నావనే..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

ఇంజినీరు తల వంచుకున్నాడు. పక్కకి వెళ్ళిపోదామనుకుంటే కాలికి ఏదో తగిలింది. నట్టు. తీసి చూస్తే నూనె జిడ్డు, కుట్టుమిషను నూనె వాసన. భార్య దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, తిప్పి చూసి, కోసుగా ఉన్న కొస మీద వేలు పెట్టింది.

"ఈ వైపు లోపలికి పెట్టారా, బయటికి పెట్టారా?"

"చదునుగా ఉన్నదే కదా ఆనేది..."

"ఆనేది ఇది. చక్రం బెజ్జంలో ఈ కోసు కూర్చుంటేనే చక్రం మధ్యకి వస్తుంది. నూనె ఎవరు రాయమన్నారు?"

"తుప్పుందని..."

"తుప్పు బ్రష్షుతో గీకాలి. బండి దించాక మళ్ళీ బిగించారా?"

ఇంజినీరు అత్తగారి వైపు చూశాడు. హారన్ కొట్టింది ఆవిడేనని చెబుదామనుకున్నాడు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఊరుకున్నాడు.

మంచులోకి వెళ్ళి చక్రాన్ని వెతికి తేవడం ఆయన వంతు. అది దారి దిగువన ఓ పొదకి ఆనుకుని, ఆయన కోసమే ఆగినట్టు నిలబడి ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ముందు ఆయన రెండుసార్లు దగ్గాడు. ఊడిన నట్లు మిగతావి దొరకలేదు, దొరికిన ఒక్కదానికీ మరలు అరిగిపోయాయి. భార్య మిగతా మూడు చక్రాల నుంచి ఒక్కో నట్టు తీయించింది. రాళ్ళు పేర్చి జాకీ ఎత్తించింది. బోల్టుల జిడ్డు పాత గుడ్డతో తుడిపించింది. నట్లు కోసు లోపలికి పెట్టించి ముందు చేత్తోనే తిప్పించింది. "ఒకదాన్ని మొత్తం బిగించేసి రెండోదాని జోలికి పోకూడదు. ఆరూ ఉంటే దీని తర్వాత ఎదురుది. ఇప్పుడు మూడే గనక ఒకటి విడిచి ఒకటి, కొంచెం కొంచెం." చక్రం నేలకి దిగాక అసలు బిగింపు. స్పానర్ పట్టుకున్నది ఇంజినీరే గానీ పని ఆవిడది. అయ్యాక, "ఇప్పుడు నెమ్మదిగా పోనిచ్చి, ఆ మలుపు దగ్గర ఆపి మళ్ళీ చూద్దాం. కొత్తగా పెట్టిన చక్రం కొంచెం పోయాక సర్దుకుంటుంది," అంది.

మలుపు దగ్గర ఆపి చూశారు. ఓ నట్టు పావు వంతు తిరిగింది. ఆ తర్వాత పాలమీద మీగడలా బండి కుదుపు లేకుండా సాగింది. టక్కు లేదు, చిటుక్కు లేదు. మంచు కూడా విడిపోయి, కొండంతా మామూలు కొండలా కనిపించింది. భర్త ఏ మాటొస్తుందోనని మెడ ముందుకు పెట్టుకుని నడుపుతున్నాడు. భార్య మాత్రం ఒక్క మాటా అనలేదు. భోజనాలదాకా దాచిపెట్టుకుందని ఆయనకి తెలుసు.

అత్తగారు కిటికీ వైపు తిరిగి చెవి ఒగ్గి కూర్చుంది.

"అక్కా?" అంది కాసేపటికి.

బండి హాయిగా పోతోంది.

"అక్కా, పలకవే."

"అమ్మా, అది నట్ల చప్పుడు," అంది కూతురు, ఆవిడ చెయ్యి పట్టుకుని. "మీ అల్లుడుగారు సరిగ్గా బిగించలేదు. ఇప్పుడు బిగించాం. ఇంక రాదు."

అత్తగారు చెవి కిటికీకి ఇంకోసారి ఆనించింది. తర్వాత చెయ్యి విదిలించుకుని అల్లుడి వైపు తిరిగింది. ఆవిడ కళ్ళలో కోపం చూసి ఇంజినీరు అన్నిటికీ సిద్ధపడ్డాడు. ప్రాణాలమీదికి తెచ్చారనడానికీ, ఇంకెప్పుడూ స్పానర్ ముట్టుకోవద్దనడానికీ.

"ఎవరు బిగించమన్నారు నిన్ను?" అంది ఆవిడ. పెళ్ళయినప్పటినుంచి ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. "ఇన్నేళ్ళకి నాతో మాట్లాడింది. ఇంకో రెండు మాటలు మాట్లాడేది. అంత గట్టిగా బిగించాలా?"

ఇంజినీరు బండి నెమ్మది చేశాడు. ఆవిడ గొంతు తగ్గించింది. "బాబూ, ఒక్క నట్టు... కాస్త వదులు చెయ్యకూడదూ? ఇల్లు చేరేదాకా."

"లేదత్తయ్యా," అన్నాడు ఇంజినీరు. ఒక పని తనకి రాదని ఆయన ఒప్పుకోవడం కూడా అదే మొదలు. "నాకు వదులు చెయ్యడం ఒక్కటే వచ్చు. అది ఎంతదాకా చెయ్యాలో తెలియదు."

బీరువా ఆవిడ గడప తొక్కింది. ఆవిడ గదిలోనే, ఆవిడ మంచానికి ఎదురుగా పెట్టించుకుంది. మర్నాడు పొద్దున కాఫీ కప్పు అందిస్తూ భార్య భర్తతో మెల్లగా చెప్పింది. "అమ్మ పొద్దున్నే లేచి పెద్దమ్మతో పోట్లాట పెట్టుకుందండీ."

"మళ్ళీ ఎందుకు?"

"ఎంత పలకరించినా పెద్దమ్మ జవాబివ్వట్లేదట."

అప్పటినుంచి అక్కచెల్లెళ్ళకి మళ్ళీ మాటల్లేవు. ఈసారి మాత్రం ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు.